2024 నైరుతి రుతుపవనాలు: అంచనాలు, వర్షపాతం, నదుల తీరు – ఒక సమీక్ష

దేశంలో 2024 నైరుతి రుతుపవన కాలం సాధారణం కంటే ఎక్కువ వర్షపాతంతో ముగిసింది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు దేశవ్యాప్తంగా సగటున 934.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. దీర్ఘకాలిక సగటు 868.6 మిల్లీమీటర్లు. అంటే సగటులో 108 శాతం. భారత వాతావరణ విభాగం (ఐఎండీ) ఏప్రిల్ 15న ప్రకటించిన అంచనా 106 శాతం. రెండు సంఖ్యల మధ్య తేడా రెండు శాతమే. ఆ సంఖ్య మేరకు అంచనా నిజమైంది.

అయితే అదే కాలంలో ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల వర్షాలకు ఖమ్మం, విజయవాడ నగరాలు నీట మునిగాయి. సీజన్ మొత్తానికి వర్షం లోటున్న బిహార్‌లో చివరి వారంలో కోసీ నది 56 ఏళ్ల గరిష్ఠ ప్రవాహంతో పొంగింది. త్రిపురలో, బంగ్లాదేశ్ తూర్పు జిల్లాల్లో ఆగస్టు మూడో వారంలో భారీ వరదలు వచ్చాయి. దేశ సగటును సరిగ్గా పట్టుకున్న అంచనా ఒక వీధికి, ఒక వాగుకు, ఒక కరకట్టకు ఎంతవరకు ఉపయోగపడింది? ఏ అంచనా దేనికి పనికివస్తుంది, దేనికి పనికిరాదు? 2024 సీజన్‌ను ఈ ప్రశ్నల వెలుగులో పరిశీలించడం ఈ సమీక్ష ఉద్దేశం.

106 శాతం అంటే ఏమిటి?

వాతావరణ విభాగం ఏటా ఏప్రిల్ మధ్యలో మొదటి దశ అంచనాను, మే నెలాఖరులో సవరించిన అంచనాను విడుదల చేస్తుంది. 2024లో మొదటి దశ అంచనా 106 శాతం, నమూనా దోషం అయిదు శాతం అటూ ఇటూ. మే 27న విడుదలైన రెండో దశలోనూ సంఖ్య 106 శాతమే. దోషం నాలుగు శాతానికి తగ్గింది. అంటే తుది ఫలితం 102 నుంచి 110 శాతం మధ్య ఉండాలి. 108 ఆ పరిధిలోనే ఉంది.

ఈ శాతాలకు ఆధారం దీర్ఘకాలిక సగటు. ప్రస్తుతం 1971 నుంచి 2020 వరకు యాభై ఏళ్ల వర్షపాతాన్ని ఇందుకు ప్రమాణంగా తీసుకుంటున్నారు. దాని ప్రకారం దేశ సగటు 87 సెంటీమీటర్లు. అంతకుముందు 1961–2010 కాలం ప్రమాణంగా ఉండేది. అప్పటి సగటు 88 సెంటీమీటర్లు. సగటులో 90 శాతం కంటే తక్కువ కురిస్తే లోటు, 96 నుంచి 104 శాతం మధ్య ఉంటే సాధారణం, 105 నుంచి 110 శాతం మధ్య ఉంటే సాధారణం కంటే ఎక్కువ, 110 దాటితే అధికం అని వర్గీకరిస్తారు. అంచనా వేసిన 106, నమోదైన 108 రెండూ ఒకే వర్గంలోకి వస్తాయి.

రుతుపవనాల అంచనాకు మన దేశంలో సుదీర్ఘ చరిత్ర ఉంది. 1875లో ఏర్పడిన వాతావరణ విభాగానికి తొలి అధిపతిగా పనిచేసిన హెన్రీ బ్లాన్‌ఫోర్డ్, హిమాలయాల్లో మంచు ఎంత పేరుకున్నదీ చూసి రుతుపవనాలను అంచనా వేసే ప్రయత్నం చేశారు. తరువాత గిల్బర్ట్ వాకర్ పసిఫిక్ మహాసముద్రం మీది వాయుపీడన మార్పులకు, భారతదేశ వర్షాలకు ఉన్న సంబంధాన్ని గణాంకాలతో చూపారు. 2021 నుంచి వాతావరణ విభాగం సముద్రాన్ని, వాతావరణాన్ని కలిపి లెక్కించే పలు నమూనాల ఫలితాలను జోడించి అంచనా వేస్తోంది. ప్రాంతాలవారీగా, నెలలవారీగా సంభావ్యతలను పటాల రూపంలో ఇవ్వడం ఈ విధానంతో సాధ్యమైంది.

నెలలవారీగా ఏం జరిగింది?

రుతుపవనాలు 2024 మే 30న కేరళను తాకాయి. మే 31న, నాలుగు రోజులు అటూ ఇటూగా, తాకుతాయని వాతావరణ విభాగం అంతకుముందే తెలిపింది. అదే రోజు ఈశాన్య రాష్ట్రాల్లోనూ ప్రవేశించాయి. ఆ తరువాత దక్షిణ భారతం, మహారాష్ట్ర మీదుగా వేగంగానే సాగినా, జూన్ రెండో వారంలో పురోగమనం ఆగిపోయింది. ఉత్తర, వాయవ్య రాష్ట్రాలు వడగాలులతో అల్లాడాయి. జూన్ వర్షపాతం సగటులో 89 శాతం వద్ద ఆగింది. ఆ నెలకు ఇచ్చిన అంచనా 92 నుంచి 108 శాతం. అంటే సీజన్‌లోని మొదటి నెలలోనే అంచనా దిగువ హద్దు దాటింది.

నెలాఖరులో పరిస్థితి మారింది. జూలై 2 నాటికి రుతుపవనాలు దేశమంతటా విస్తరించాయి. సాధారణంగా ఇది జూలై 8న జరుగుతుంది. జూలైలో 106 శాతానికి పైగా కురుస్తుందని అంచనా వేయగా 109 శాతం నమోదైంది. ఆగస్టుకు 94 నుంచి 106 శాతం మధ్య, అంటే సాధారణ వర్షపాతం, ఉంటుందని చెప్పగా 115 శాతం కురిసింది. సెప్టెంబర్‌లో 109 శాతానికి మించి ఉంటుందన్న అంచనాకు తగ్గట్టు 112 శాతం నమోదైంది.

నాలుగు నెలల్లో రెండు నెలలకు అంచనా సరిపోయింది, రెండు నెలలకు సరిపోలేదు. జూన్‌లో తక్కువ, ఆగస్టులో ఎక్కువ. రెండు పొరపాట్లు ఒకదాన్నొకటి కొంతమేరకు సరిచేసుకున్నాయి. సీజన్ మొత్తం సంఖ్య బాగా కుదరడానికి ఇది కూడా ఒక కారణం. రైతుకు మాత్రం ఈ సర్దుబాటు వర్తించదు. మృగశిరలో విత్తనం వేసి మొలక ఎండిపోయిన చేనుకు ఆగస్టు అధిక వర్షం పరిహారం కాదు. పత్తి, మిరప చేలలో నీరు నిలిచిన రైతుకు జూన్ లోటు ఊరట కాదు.

రుతుపవనాల ఉపసంహరణ సెప్టెంబర్ 23న పశ్చిమ రాజస్థాన్, కచ్ ప్రాంతాల నుంచి మొదలైంది. సాధారణ తేదీ సెప్టెంబర్ 17. అక్టోబర్ 15న నైరుతి పూర్తిగా నిష్క్రమించింది. అదే రోజు ఈశాన్య రుతుపవనాలు దక్షిణాదిన ప్రవేశించాయి.

ప్రాంతాలవారీ లెక్క

ప్రాంతీయ అంచనాల్లో 2024 చెప్పుకోదగిన సంవత్సరం. మధ్య భారతంలోను, దక్షిణ ద్వీపకల్పంలోను 106 శాతానికి పైగా, వాయవ్యంలో 92 నుంచి 108 శాతం మధ్య, ఈశాన్యంలో 94 శాతం కంటే తక్కువ కురుస్తుందని మే 27న ప్రకటించారు. చివరికి మధ్య భారతంలో 19 శాతం, దక్షిణ ద్వీపకల్పంలో 14 శాతం, వాయవ్యంలో 7 శాతం అధికంగా కురిసింది. తూర్పు, ఈశాన్య భారతంలో 14 శాతం లోటు మిగిలింది. నాలుగు ప్రాంతాల్లోనూ అంచనా దిశ సరైనదే.

దేశంలోని 36 వాతావరణ ఉపవిభాగాల్లో 21 చోట్ల సాధారణ వర్షపాతం నమోదైంది. 10 ఉపవిభాగాల్లో అధిక వర్షం, రెండింటిలో అత్యధిక వర్షం కురిశాయి. అత్యధిక వర్షం కురిసిన రెండూ పశ్చిమ రాజస్థాన్, సౌరాష్ట్ర–కచ్. ఒకప్పుడు కరవు పేరు చెబితే గుర్తొచ్చే ప్రాంతాలివి. లోటు మిగిలిన మూడు ఉపవిభాగాలు పంజాబ్, జమ్మూకశ్మీర్–లద్దాఖ్, అరుణాచల్ ప్రదేశ్. తెలంగాణలో సాధారణం కంటే దాదాపు 30 శాతం ఎక్కువ వర్షం కురిసింది.

సీజన్‌లో 14 అల్పపీడన వ్యవస్థలు ఏర్పడ్డాయి. సగటు 13. సంఖ్యలో తేడా స్వల్పమే అయినా, అవి చురుకుగా ఉన్న రోజుల సంఖ్య సగటున 55 కాగా, 2024లో 69కి చేరింది. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాలు బలహీనపడకుండా మధ్య భారతం మీదుగా గుజరాత్ వరకు ప్రయాణించాయి. ఆగస్టు చివరి వారంలో అలా గుజరాత్ చేరిన తీవ్ర వాయుగుండం వడోదరలో విశ్వామిత్రి నదికి వరద తెచ్చింది. ఆ తరువాత భూమి మీది నుంచి అరేబియా సముద్రంలోకి దిగి 'అస్నా' తుపానుగా మారింది. ఆగస్టు నెలలో అరేబియా సముద్రంలో తుపాను ఏర్పడటం 1976 తరువాత ఇదే మొదటిసారి.

ఫలితం సరైనదే, కారణం?

106 శాతం అంచనాకు వాతావరణ విభాగం ప్రధానంగా చూపిన ఆధారాలు రెండు. పసిఫిక్‌లోని ఎల్ నినో బలహీనపడి, సీజన్ రెండో సగంలో లా నినా పరిస్థితులు ఏర్పడతాయన్నది మొదటిది. హిందూ మహాసముద్ర ద్విధ్రువం సానుకూలంగా మారుతుందన్నది రెండోది. ఈ రెండు పరిణామాలూ సాధారణంగా భారతదేశంలో మంచి వర్షాలకు తోడ్పడతాయి.

ఎల్ నినో తగ్గుముఖం పట్టిన మాట నిజం. కానీ సెప్టెంబర్ ముగిసేవరకు లా నినా రాలేదు. పసిఫిక్ తటస్థ స్థితిలోనే కొనసాగింది. హిందూ మహాసముద్ర ద్విధ్రువం కూడా సానుకూలంగా మారలేదు. అయినా వర్షాలు అంచనాకు మించి కురిశాయి. బంగాళాఖాతంలో వరుసగా ఏర్పడిన అల్పపీడనాలు, వాటి దీర్ఘాయువు ఇందుకు దోహదం చేశాయి. ఏ వారంలో అల్పపీడనం పుడుతుందో, అది ఏ దారిన పోతుందో రెండు నెలల ముందు చెప్పగల శాస్త్రం ఇంకా రాలేదు. కాబట్టి ఒక ఏడాది అంచనా నిజమైనంత మాత్రాన దాని వెనుక ఊహించిన క్రమమంతా నిజమైనట్టు భావించరాదు.

గత ఏడేళ్ల ఏప్రిల్ అంచనాలను ఫలితాలతో పోల్చితే ఇది స్పష్టమవుతుంది. 2018లో అంచనా 97 శాతం, ఫలితం 91. 2019లో అంచనా 96, ఫలితం 110. 2020లో అంచనా 100, ఫలితం 109. 2021లో అంచనా 98, ఫలితం 99. 2022లో అంచనా 99, ఫలితం 106. 2023లో అంచనా 96, ఫలితం 94. 2024లో అంచనా 106, ఫలితం 108. ఏడింటిలో మూడు సంవత్సరాలు, అంటే 2021, 2023, 2024, అంచనాకు దగ్గరగా వచ్చాయి. 2019లో తేడా 14 శాతం. ప్రైవేటు సంస్థ స్కైమెట్ 2024కు వేసిన అంచనా 102 శాతం. తక్కువగా చెప్పినా, దిశ విషయంలో అదీ తప్పు కాదు.

2023 అంచనా దగ్గరగా వచ్చినట్టు కనిపించినా, ఆ ఏడాది ఆగస్టు 1901 తరువాత అత్యంత పొడి ఆగస్టుగా నమోదైంది. 36 శాతం లోటు. సీజన్ సగటు ఆ నెల రోజుల ఎండను దాచేసింది. 2024లో నదులు ఏ స్థితి నుంచి మొదలయ్యాయో తెలుసుకోవడానికి ఈ నేపథ్యం అవసరం.

వాన నుంచి వరదకు

వర్షాన్ని అంచనా వేసేది వాతావరణ విభాగం. నదుల మట్టాన్ని, జలాశయాలకు వచ్చే ప్రవాహాన్ని అంచనా వేసేది కేంద్ర జల సంఘం (సీడబ్ల్యూసీ). దేశవ్యాప్తంగా సుమారు 340 కేంద్రాలకు జల సంఘం వరద సూచనలు ఇస్తుంది. వీటిలో 200 కేంద్రాలు పట్టణాలు, గ్రామాల వద్ద నీటిమట్టాన్ని సూచించేవి. మిగిలినవి జలాశయాలకు, బ్యారేజీలకు రానున్న ప్రవాహాన్ని సూచించేవి. మట్టం సూచన అసలు మట్టానికి 15 సెంటీమీటర్ల లోపు తేడాతో ఉంటే సరైనదిగా లెక్కిస్తారు. ప్రవాహం సూచనలో 20 శాతం వరకు తేడాను అంగీకరిస్తారు. 2023 ఆగస్టులో ప్రారంభమైన 'ఫ్లడ్‌వాచ్ ఇండియా' యాప్ ద్వారా ఈ వివరాలు ఎవరికైనా అందుతున్నాయి.

పెద్ద నదిలో వరద సూచన ఇవ్వడం కొంత తేలిక. ఎగువన నది పొంగిన తరువాత ఆ నీరు దిగువకు చేరడానికి గంటలు, రోజులు పడుతుంది. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది జారీ చేస్తారు. ధవళేశ్వరం వద్ద ఇదే వరుసలో 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులకు హెచ్చరికలు ఉంటాయి. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు, ఎగువ కేంద్రాల లెక్కల ఆధారంగా లోతట్టు ప్రాంతాల ప్రజలను తరలించడానికి వ్యవధి దొరికింది. అక్కడ అంతకుమించిన వరద 1986 ఆగస్టులో వచ్చింది. అప్పటి మట్టం 75.6 అడుగులు.

వాగులు, ఏరులు అలా కావు. వాన పడిన కొన్ని గంటల్లోనే అవి పొంగుతాయి. వాటి మీద కొలత కేంద్రాలు తక్కువ. సూచన ఇచ్చే వ్యవధి అంతకంటే తక్కువ.

కృష్ణా బేసిన్: ఎండ నుంచి నిండుకు

2023లో కృష్ణా పరీవాహక ప్రాంతంలో వర్షాలు ముఖం చాటేశాయి. నాగార్జునసాగర్ నిండలేదు. 2024 ఏప్రిల్ చివరి వారానికి దక్షిణాది రాష్ట్రాల్లో జల సంఘం పర్యవేక్షించే 42 జలాశయాల్లో నిల్వ సామర్థ్యంలో 17 శాతమే మిగిలింది. బెంగళూరు నగరం తాగునీటి కొరతతో దేశవ్యాప్త వార్తల్లోకి ఎక్కింది.

జూలైలో పడమటి కనుమల్లో భారీ వర్షాలు కురవడంతో పరిస్థితి తారుమారైంది. ఆలమట్టి, నారాయణపూర్, జూరాల వరుసగా నిండి నీరు దిగువకు వచ్చింది. 885 అడుగుల పూర్తి మట్టం గల శ్రీశైలం గేట్లను జూలై 29న ఎత్తారు. వారం తిరిగేసరికి, ఆగస్టు 5న, నాగార్జునసాగర్ గేట్లు తెరుచుకున్నాయి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. నిల్వ సామర్థ్యం 312 టీఎంసీలు. ఆయకట్టు రైతులకు ఇది రెండేళ్ల నిరీక్షణకు దొరికిన జవాబు.

ఈ దశలోనే ఏ అంచనాలోనూ లేని ప్రమాదం ఒకటి ఎదురైంది. ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ నంబరు గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. నిండు జలాశయం నుంచి నీరు వృథాగా దిగువకు పోసాగింది. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఆయకట్టు దీని మీద ఆధారపడి ఉంది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు సూచనలతో, నీరు పారుతుండగానే స్టాప్‌లాగ్ పలకలను ఒకదాని మీద ఒకటి దించి వారం లోపు ప్రవాహాన్ని అరికట్టారు. తరువాతి వర్షాలకు జలాశయం మళ్లీ నిండింది. వాన బాగా పడితేనే సరిపోదు, ఏడు దశాబ్దాల నాటి ఇనుప గొలుసు కూడా నిలవాలన్న సంగతి ఆ వారం తేలింది. డ్యాంల భద్రతా చట్టం 2021లో వచ్చినప్పటికీ, పాత గేట్ల తనిఖీ, మార్పిడి ప్రశ్న ఈ ఘటన తరువాతే చర్చకు ముందుకొచ్చింది.

మున్నేరు, బుడమేరు

ఆగస్టు 31న బంగాళాఖాతంలోని వాయుగుండం ఉత్తరాంధ్ర తీరం వైపు కదిలి, అర్ధరాత్రి దాటాక కళింగపట్నం సమీపంలో తీరం దాటింది. అత్యంత భారీ వర్షాల హెచ్చరికలు ముందే వెలువడ్డాయి. వాతావరణ విభాగం పరిభాషలో 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లకు మించి కురిస్తే అది అత్యంత భారీ వర్షం. ఉమ్మడి కృష్ణా, గుంటూరు, ఖమ్మం, వరంగల్, నల్లగొండ జిల్లాల మీద ఆ రోజు కుండపోత కురిసింది.

ఖమ్మం వద్ద మున్నేరు సుమారు 36 అడుగులకు పెరిగింది. 2023 జూలైలో వచ్చిన వరదను అప్పట్లో పెద్దదనుకున్నారు. దాన్ని ఇది మించింది. మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, విజయవాడ–కాజీపేట మార్గంలో రాకపోకలు నిలిచిపోయాయి.

విజయవాడలో జరిగినది అర్థం కావాలంటే ఆ ప్రాంత నీటి దారులు తెలియాలి. బుడమేరు మైలవరం పరిసర కొండల్లో పుట్టి, విజయవాడ ఉత్తర భాగాన్ని ఒరుసుకుంటూ కొల్లేరులో కలిసే వాగు. నగరానికి ముంపు తప్పించడానికి వెలగలేరు వద్ద రెగ్యులేటర్ కట్టి, మళ్లింపు కాలువ ద్వారా కొంత నీటిని ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలోకి పంపే ఏర్పాటు చేశారు. కృష్ణ తక్కువ మట్టంలో ఉన్నప్పుడు ఈ ఏర్పాటు పనిచేస్తుంది. కృష్ణే పొంగి ఉన్నప్పుడు కాలువ నీరు నదిలోకి దిగదు, వెనక్కి తంతుంది.

ఆ రోజు రెండూ ఒకేసారి పొంగాయి. కాలువ సామర్థ్యానికి మించిన నీరు రావడంతో ఎడమ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ తదితర ప్రాంతాల్లో మొదటి అంతస్తుల వరకు నీరు చేరింది. లక్షలాది మంది రోజుల తరబడి నీటిలో చిక్కుకున్నారు. సైన్యం సహకారంతో గండ్లను సెప్టెంబర్ 7 నాటికి పూడ్చారు.

సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బ్యారేజీ చరిత్రలో ఇదే అత్యధికం. 2009 అక్టోబర్ వరదలో నమోదైనది 11.10 లక్షలు. బ్యారేజీ రూపకల్పన సామర్థ్యం 11.90 లక్షల క్యూసెక్కులు. అంటే మిగిలిన వెసులుబాటు అర లక్ష లోపే. ఆ ప్రవాహంలో కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్‌వెయిట్లను ఢీకొట్టి దెబ్బతీశాయి.

2009 వరద ప్రధానంగా ఎగువ నుంచి వచ్చింది. శ్రీశైలం, సాగర్ జలాశయాలు దాన్ని కొంత అదుపు చేశాయి. 2024లో ఎగువ విడుదలలకు సాగర్ దిగువన కురిసిన వాన, మున్నేరు, పాలేరు, వైరా, కట్టలేరుల నీరు తోడయ్యాయి. సాగర్ దిగువన కొంత అదుపు చేయగలది 45.77 టీఎంసీల పులిచింతల ఒక్కటే. మున్నేరు వంటి ఏరులు పులిచింతలకు కూడా దిగువనే కృష్ణలో కలుస్తాయి. ప్రకాశం బ్యారేజీ నిల్వ మూడు టీఎంసీలే కనుక, వచ్చిన నీటిని వచ్చినట్టే వదలడం తప్ప అక్కడ మార్గం లేదు.

వాన హెచ్చరిక ఉంది. కృష్ణా ప్రవాహం లెక్క ఉంది. బుడమేరు ఏ గంటకు ఏ వీధిలో ఎంత ఎత్తుకు చేరుతుందన్న సమాచారం మాత్రం ప్రజల చేతిలో లేదు. జిల్లాకు ఇచ్చే రెడ్ అలర్ట్‌కు, ఇంటి గడప దగ్గరి నీటికి మధ్య ఉన్న ఈ దూరమే 2024 నేర్పిన ప్రధాన పాఠం.

లోటు వర్షం, రికార్డు వరద: కోసీ

బిహార్‌లో సీజన్ వర్షపాతం సాధారణం కంటే సుమారు అయిదో వంతు తక్కువ. ప్రాంతీయ అంచనా చెప్పినదీ అదే. ఆ అంచనాను మాత్రమే చూసినవారు కరవుకు సిద్ధపడి ఉంటారు. కానీ సెప్టెంబర్ 26 నుంచి 28 వరకు నేపాల్‌లో అసాధారణ వర్షాలు కురిశాయి. కాఠ్‌మాండూ విమానాశ్రయ కేంద్రంలో 24 గంటల్లో దాదాపు 240 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. నేపాల్‌లో 200 మందికి పైగా మరణించారు.

ఆ నీరు కోసీ ద్వారా దిగువకు వచ్చింది. బీర్‌పూర్ బ్యారేజీ నుంచి 6.61 లక్షల క్యూసెక్కులు విడుదలయ్యాయి. 1968 తరువాత ఇదే అత్యధికం. బ్యారేజీ నిలిచింది. కానీ దిగువన దర్భంగా జిల్లాలో కోసీ కట్ట తెగింది. బాగ్మతి కట్టలకూ గండ్లు పడ్డాయి.

2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా వద్ద కోసీ కట్ట తెగి నది దారి మార్చుకున్నప్పుడు ప్రవాహం సుమారు లక్షన్నర క్యూసెక్కులే. 2024 ప్రవాహంలో అది నాలుగో వంతు కూడా కాదు. నది పొంగు ఒక్కటే విపత్తును నిర్ణయించదు. కట్టల స్థితి, వాటి మధ్య పేరుకున్న ఇసుక మేట కూడా నిర్ణయిస్తాయి. ప్రవాహం అంచనా ఎంత కచ్చితంగా ఉన్నా, కట్ట బలహీనత దానిలో కనిపించదు.

సరిహద్దు దాటిన నీరు, ఆగిన సమాచారం

ఆగస్టు మూడో వారంలో త్రిపురలోను, దాని పొరుగున బంగ్లాదేశ్‌లోని ఫెనీ, కుమిల్లా తదితర జిల్లాల్లోను భారీ వర్షాలు కురిశాయి. గోమతి నది మీది డుంబూరు డ్యాం గేట్లు తెరవడం వల్లే వరద వచ్చిందన్న ప్రచారం బంగ్లాదేశ్‌లో సాగింది. భారత విదేశాంగ శాఖ ఆగస్టు 22న దీన్ని ఖండించింది. డ్యాం సరిహద్దుకు 120 కిలోమీటర్లకు పైగా ఎగువన ఉందని, వరదకు ప్రధాన కారణం డ్యాం దిగువన ఉన్న విశాల పరీవాహక ప్రాంతంలో కురిసిన వర్షమని వివరించింది.

ఆ ప్రకటనలోని మరో అంశం అంతకంటే ముఖ్యమైనది. ద్వైపాక్షిక ఒప్పందం ప్రకారం అమర్‌పూర్ కేంద్రం నుంచి నీటిమట్టం వివరాలను బంగ్లాదేశ్‌కు పంపుతున్నారు. ఆగస్టు 21 మధ్యాహ్నం మూడు గంటల వరకు, మట్టం పెరుగుతున్నట్టు చూపే సమాచారం అందింది. సాయంత్రం ఆరు గంటలకు వరద వల్ల విద్యుత్తు నిలిచి, సంబంధాలకు అంతరాయం ఏర్పడింది. సమాచారం అత్యంత అవసరమైన గంటల్లోనే దాన్ని పంపే వ్యవస్థ వరదకు చిక్కింది. వాన తీవ్రతను తట్టుకునే విద్యుత్తు, సమాచార ఏర్పాట్లు లేకపోతే ఎంత మంచి అంచనా అయినా చేరవలసిన చోటికి చేరదు. ఆ ఖాళీని వదంతులు నింపుతాయి.

జలాశయాల మిగులు

సీజన్ చివరికి దేశంలో జల సంఘం పర్యవేక్షించే 155 జలాశయాల్లో నిల్వ సామర్థ్యంలో దాదాపు 87 శాతానికి చేరింది. జూన్‌లో అది అయిదో వంతు దగ్గరే ఉండేది. రబీ సాగుకు, వేసవి తాగునీటికి, జలవిద్యుత్తుకు ఇది భరోసా.

అయితే నిండు జలాశయం రెండంచుల కత్తి. సీజన్ మధ్యలోనే నింపితే తరువాతి వరదకు చోటు ఉండదు. ఖాళీ ఉంచితే వర్షం ముఖం చాటేసినప్పుడు ఆయకట్టు ఎండుతుంది. 2023 లోటు చూసిన అధికారులు 2024లో వచ్చిన నీటిని వదులుకోవడానికి వెనుకాడటం సహజమే. ఇక్కడ సీజన్ అంచనా కంటే అయిదు రోజుల నుంచి వారం ముందు వచ్చే వర్ష, ప్రవాహ సూచనలే ఎక్కువ పనికివస్తాయి. వాటి ఆధారంగా ముందుగా కొంత నీరు వదిలి చోటు చేసుకోవచ్చు. అంచనా తప్పితే వదిలిన నీరు తిరిగి రాదన్న భయాన్ని మోయవలసింది గేటు దగ్గరి ఇంజినీరే.

ఏ అంచనా ఎవరికి?

2024 అనుభవాన్ని బట్టి అంచనాలను వాటి వ్యవధి ప్రకారం వేరుచేసి చూడటం మేలు. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే సీజన్ అంచనా ధాన్యం నిల్వలు, ఎరువులు, విద్యుత్తు, రుణాల ప్రణాళికకు ఉపయోగపడుతుంది. ఏ జిల్లాలో ఎప్పుడు వాన పడుతుందో దాన్ని బట్టి చెప్పలేరు. నెలవారీ, రెండు వారాల సూచనలు విత్తనం వేసే అదను నిర్ణయించడానికి కొంత సాయపడతాయి. అయిదు రోజుల సూచన జలాశయాల నిర్వహణకు, ప్రజల తరలింపుకు కీలకం. పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు అప్పటికప్పుడు తీసుకోవలసిన చర్యలకు సంబంధించినవి.

ఈ వరుసలో పై మెట్లు ఏటా బలపడుతున్నాయి. సీజన్ సంఖ్య, ప్రాంతీయ దిశ, వాయుగుండం దారి 2024లో మొత్తం మీద సరిగానే వచ్చాయి. బలహీనంగా ఉన్నది చివరి మెట్టు. వాగుల మీద కొలత కేంద్రాలు, పట్టణాల ముంపు పటాలు, కట్టల తనిఖీ, పాత గేట్ల మరమ్మతు, కరెంటు పోయినా ఆగని సమాచార వ్యవస్థ, సరిహద్దు ఆవలి పొరుగువారితో గంట గంటకూ లెక్కల మార్పిడి ఈ మెట్టులోకి వస్తాయి. తదుపరి ఏప్రిల్‌లో వాతావరణ విభాగం ప్రకటించే శాతం ఎంతైనా కావచ్చు; మున్నేరు ఒడ్డున, బుడమేరు కట్ట కింద, కోసీ కట్టల నడుమ ఉన్న కుటుంబాలకు ఈ పనులు ఎంతవరకు పూర్తయ్యాయన్నదే అసలైన అంచనా అవుతుంది.